బతకలేక బడిపంతులా?

"బతకలేక బడిపంతులు" అన్న సామెత వినని తెలుగిల్లు ఉంటుందా? వినీ వినీ అరిగిపోయింది. కానీ సామెతలు ఊరికే పుట్టవు కదా! దీని వెనక ఏ అయ్యవారి ఖాళీ జేబో ఉండే ఉంటుంది. ఆ ఖాళీ ఏపాటిదో చూద్దామని పాత సంగతులు తిరగేస్తే, నాకు మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ఎదురయ్యాడు.

మన్రో దొర రాయలసీమ వాళ్ళకి కొత్తవాడు కాడు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరు. గవర్నరయ్యాక 1822లో, ఏ జిల్లాలో బడులెన్ని, పిల్లలెందరు, లెక్కలు పంపమని కలెక్టర్లకి ఉత్తరువిచ్చాడు. 1826 మార్చి నాటికి అన్నీ కూడి చూస్తే మద్రాసు రాజధాని మొత్తానికి 12,498 బడులు తేలాయి. సుమారు వెయ్యిమంది జనానికి ఒక బడి! చదివే ఆడపిల్లలు బహు కొద్దిమంది. చెప్పేది అయ్యవార్లు.

మరి ఆ అయ్యవారి సంపాదన ఎంతో తెలుసా? నెలకి ఆరేడు రూపాయలకి మించదని మన్రో రాశాడు. ఆ డబ్బుకి తగిన చదువున్నవాళ్ళు ఈ వృత్తిలోకి రారనీ తేల్చాడు. అందుకని తాలూకా బడి పంతులికి నెలకి 9 రూపాయలు, జిల్లా బడి పంతులికి 15 రూపాయలు సర్కారే ఇవ్వాలన్నాడు. పిల్లలిచ్చేది దానికి అదనం. చూశారా! మంచి మగవాళ్ళు బడికి రావడం లేదన్న బెంగ నిన్నా మొన్నటిది కాదు, రెండువందల ఏళ్ళ నాటిది. 1827 జూలైలో పత్తికొండలో కలరా సోకి ఆయన పోయాడు. ఆపైన ఆ పథకానికీ ఊపిరి సన్నగిల్లింది.

అయ్యవారు మాత్రం ఎలాగో బతకాలిగా! దసరా వచ్చిందంటే పిల్లల్ని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. పిల్లలు విల్లంబులు పట్టుకుని పద్యాలు పాడితే, ఇంటావిడ వాళ్ళకి పప్పుబెల్లాలు పెట్టి, అయ్యవారికి తోచింది ముట్టజెప్పేది. మనమిప్పుడు దాన్నో ముచ్చటైన వేడుకగా చెప్పుకుంటాం. నిజానికది చెప్పిన చదువుకి ప్రతిఫలం కోసం గడప గడపా ఎక్కడమే. నమస్కారానికి లోటు లేదు, జీతానికే లోటు.

తర్వాత కథ తిరగబడింది. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకంలో, ఏకోపాధ్యాయ పాఠశాలకి రెండో టీచరుని ఇవ్వాలి, వీలైతే ఆడవాళ్ళనే వెయ్యాలి అన్నారు. పల్లెబడిలో పంతులమ్మ లేదని దిగులుపడిన రోజులవి. 2023-24 లెక్కల ప్రకారం దేశంలోని బడి టీచర్లలో సగానికి పైగా స్త్రీలే. పట్నం ప్రైవేటు బడిలో చిన్న తరగతుల వైపు వెళ్ళండి, మగ టీచరు కనిపిస్తే అదృష్టం.

మనం గెలిచామని సంబరపడదామా? నాకు మనసొప్పదు సుమండీ. ఎన్నో చిన్న ప్రైవేటు బడుల్లో ఇచ్చే జీతం "ఆవిడకేం, మొగుడి సంపాదన ఉందిగా!" అన్న ధీమాతో కోసి ఇచ్చేదే. మన్రో నాటి ఆరు రూపాయలకి చీర కట్టారంతే! ఆ జీతానికి మగవాడు రానంటే తప్పుపట్టలేం. మనం సర్దుకుంటున్నామంటే అది మన ఘనతా కాదు.

అయినా మగవాళ్ళు రావాలి. పలక మీద చెయ్యిపట్టి దిద్దించే మాస్టారినీ, ఏడ్చే పిల్లవాణ్ణి ఊరుకోబెట్టే మాస్టారినీ చూస్తూ పెరిగితేనే కదా, లాలన ఆడదాని వంతు అన్న భ్రమ మన మగపిల్లలకి వదిలేది!

ఇందుకు జీతాలు పెరగాలి, ఇద్దరికీ. అది యాజమాన్యాల పని, ప్రభుత్వాల పని. మన పని కూడా ఒకటుంది. "చిన్నపిల్లలకి పాఠాలు చెప్పాలనుందమ్మా" అని కొడుకంటే, "ఏం, ఇంజనీరింగు సీటు రాలేదా?" అని నీరుగార్చేది మనమే. సర్కారు ఉద్యోగం కాదంటే ఆ పంతులికి పిల్లనివ్వడానికి వెనకాడేదీ మనమే.

ఈసారి మీ ఇంట్లో ఎవరైనా ఆ సామెత అంటే, "బతకనివ్వనిదెవరు?" అని ఒక్క మాట అడిగి చూడండి.