చేతికి తగలని గడ్డకు ఇనుప గురుతు

ఇనుమును లాగే రాయికి వైద్యంలో చోటు దొరికి చాలా కాలమైంది. ఒంట్లో దిగబడ్డ శల్యాలను బయటికి తీసే ఉపాయాలు చెబుతూ సుశ్రుత సంహిత అయస్కాంతాన్ని కూడా పేర్కొంది. పదిహేడో శతాబ్దంలో కంట్లో దిగిన ఉక్కు రజనును అయస్కాంతంతో తీయవచ్చునని ఫాబ్రిషియస్ అనే శస్త్రవైద్యుడికి సూచించింది అతని భార్య మరీ కొలినే. 1879లో బెర్లిన్‌లో హిర్ష్‌బెర్గ్ అదే పనికి విద్యుదయస్కాంతాన్ని వాడాడు. ఇన్ని వందల ఏళ్లూ ఇనుము ఒంట్లోంచి తీసేయవలసిన పరాయి వస్తువే. గత పదేళ్లలో కథ తిరగబడింది. ఇప్పుడు వైద్యులే ఇనుమును కావాలని ఒంట్లో పెడుతున్నారు, ఆపరేషన్ బల్ల మీద క్యాన్సర్ గడ్డ ఆచూకీ దొరకడానికి.

గడ్డను వెతకాల్సిన అవసరం ఎందుకు వచ్చిందో తెలియాలంటే రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స చరిత్ర కొంచెం తిరగేయాలి. పంతొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో హాల్‌స్టెడ్ పెట్టిన పద్ధతిలో రొమ్మునూ, దాని కింది ఛాతీ కండరాలనూ, చంకలోని బిళ్లలనూ (లింఫ్ గ్రంథులనూ) కలిపి తీసేసేవారు. అంతా తీసేసేటప్పుడు గడ్డ ఎక్కడుందో వెతకాల్సిన పనే లేదు. ముప్పాతిక శతాబ్దం పాటు ఆడవాళ్లు ఆ కోత భరించారు. 1981లో మిలాన్‌లో వెరొనేసి, 1985లో అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ తమ పరిశోధనల ఫలితాలు ప్రకటించారు. గడ్డ మేరకే తీసి, మిగిలిన రొమ్ముకు రేడియేషన్ ఇచ్చినా ఆయుర్దాయం తగ్గదని తేల్చారు. ఇరవై ఏళ్ల తర్వాత 2002లో చూసినా ఆ మాట నిలబడింది. నా దృష్టిలో క్యాన్సర్ వైద్యం ఆడవాళ్లకు చేసిన అతి పెద్ద మేలు ఇదే.

రొమ్మును ఉంచాలన్నప్పుడు గడ్డ ఎక్కడుందో కచ్చితంగా తెలియాలి. 1913లోనే బెర్లిన్‌లో సాలమన్ అనే వైద్యుడు, తీసేసిన మూడు వేల రొమ్ములను ఎక్స్‌రే తీసి క్యాన్సర్ ఎలా కనిపిస్తుందో చూశాడు. మామోగ్రఫీ వచ్చాక చేతికి తగలని చిన్న గడ్డలు ఫిల్ము మీద కనిపించసాగాయి. ఫిల్ములో కనిపించినది కోత పెట్టాక కనిపించదు. అందుకని 1970ల్లో కొక్కెం ఉన్న సన్నని వైరును సూదిలోంచి గడ్డ దాకా దించే పద్ధతి వచ్చింది. నేటికీ ప్రపంచంలో చాలా చోట్ల ఆధారం ఆ వైరే. ఇబ్బంది ఏమిటంటే దాన్ని సాధారణంగా ఆపరేషన్ రోజు పొద్దున్నే పెట్టాలి. ఒక కొస చర్మం బయట ఉంటుంది, కదిలితే జరిగిపోవచ్చు. మనిషి ఖాళీ కడుపుతో, ఒంట్లో తీగతో, థియేటర్ పిలుపు కోసం కూర్చోవాలి. తర్వాత అమెరికాలో అయోడిన్-125 రేడియోధార్మిక గింజలు వచ్చాయి. వాటి అర్ధాయువు సుమారు 60 రోజులు కనుక ముందే పెట్టుకోవచ్చు. అయితే రేడియోధార్మికత అన్నాక అనుమతులూ, లెక్కలూ, పారేసేటప్పుడు జాగ్రత్తలూ తప్పవు.

అయస్కాంత గురుతు పుట్టింది ఈ చిక్కులోంచే. భౌతిక శాస్త్రజ్ఞులు క్వెంటిన్ పాంక్‌హర్స్ట్, ఆడ్రియస్ బ్రాజ్‌డైకిస్‌ల పని ఆధారంగా 2007లో బ్రిటన్‌లో ఎండోమాగ్ సంస్థ మొదలైంది. దాని మాగ్‌సీడ్‌కు 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది అయిదు మిల్లీమీటర్ల పొడవు, ఒక మిల్లీమీటరు మందం, బియ్యపు గింజ కన్నా సన్నని ఉక్కు ముక్క. స్కానింగ్ చూస్తూ సూదితో గడ్డలో వదులుతారు. అది దానంతట అది అయస్కాంతం కాదు. సర్జన్ చేతిలోని ప్రోబ్ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పంపినప్పుడు క్షణకాలం అయస్కాంతమై జవాబిస్తుంది. దగ్గరయ్యేకొద్దీ తెర మీది అంకె పెరుగుతుంది, శబ్దం మారుతుంది. నెదర్లాండ్స్‌లో శాశ్వత అయస్కాంతపు గింజతో మరో పద్ధతి వచ్చింది. 2024లో అమెరికాకు చెందిన హోలాజిక్ ఎండోమాగ్‌ను కొనేసింది.

ఈ అయస్కాంత గింజలకు లోపాలు లేవని కాదు. గింజ చుట్టూ ఎమ్మారై బొమ్మ కొన్ని సెంటీమీటర్ల మేర చెడిపోతుంది. మామూలు ఉక్కు పనిముట్లు ప్రోబ్‌ను తికమక పెడతాయి కనుక ప్లాస్టిక్ పనిముట్లు పట్టుకోవాలి. గడ్డ మరీ లోతుగా ఉంటే సంకేతం అందదు. బ్రిటన్‌లో రెండు వేలమందికి పైగా స్త్రీల వివరాలు పోల్చి చూస్తే గడ్డను పట్టించడంలో గింజా వైరూ దాదాపు సమానమే, మళ్లీ ఆపరేషన్ అవసరమైన వారి శాతంలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. గింజతో జబ్బు ఎక్కువగా నయమవుతుందని ఎవరూ అనకూడదు. తేలికయ్యేది రోగి తిరుగుడు, ఆసుపత్రి ఏర్పాటు. ఆ తేలిక ఎవరికి ఎక్కువ అవసరమో చూడాలి.

అనకాపల్లి జిల్లాలోని ఎస్. రాయవరమే తీసుకోండి. ఇక్కడి ఆడమనిషికి రొమ్ములో గడ్డ తగిలితే దారి అడ్డరోడ్డు మీదుగా యలమంచిలి, అనకాపల్లి దాటి అగనంపూడికి. అక్కడ టాటా మెమోరియల్ సెంటర్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఇంకా ముందుకు పోతే విశాఖలో 1923 నాటి కింగ్ జార్జ్ ఆసుపత్రి. తెల్లవారుజామున బస్సెక్కి, వైరు పెట్టించుకుని, అదే రోజు థియేటర్ ఖాళీ కోసం చూడటం ఎంత కష్టమో ఆ దారిన తిరిగినవాళ్లకు తెలుసు. గింజ అయితే అంతకు ముందు స్కానింగ్‌కు వచ్చిన రోజునే పెట్టేయవచ్చు.

మన దగ్గర గడ్డలు చాలావరకు చేతికి తగిలేవే కదా, ఈ గురుతు దేనికని అడగవచ్చు. 2022 అంచనాల ప్రకారం దేశంలో ఏటా 1.9 లక్షల మందికి పైగా రొమ్ము క్యాన్సర్ కొత్తగా వస్తోంది, దాదాపు 98 వేల మంది చనిపోతున్నారు. మనవాళ్లలో ఎక్కువమంది గడ్డ బాగా పెరిగాకే వస్తారు. అయితే ఇప్పుడు పెద్ద గడ్డలకు ముందుగా కీమో ఇచ్చి, కరిగించి, తర్వాత కోస్తున్నారు.   నేటి మందులతో కొందరిలో గడ్డ పూర్తిగా మాయమవుతోంది. అది సంతోషమే, సర్జన్‌కు మాత్రం కోయవలసిన చోటే కనిపించదు. అంటే చేతికి తగిలిన గడ్డే చేతికి తగలనిదవుతుంది. కీమోకు ముందే గురుతు పెట్టకపోతే, రొమ్ము ఉంచగలిగిన మనిషికి కూడా రొమ్ము మొత్తం తీసేసే ప్రమాదం ఉంది.

చంక విషయమూ అంతే. క్యాన్సర్ ఉన్న బిళ్లకు ముందే గురుతు పెట్టి, కీమో తర్వాత దాన్నీ, దానితో పాటు మొదటి వరుస బిళ్లలనూ తీసి చూస్తే, జబ్బు మిగిలినా కనిపెట్టలేకపోయే సందర్భాలు 10 శాతం నుంచి 2 శాతానికి తగ్గాయని 2016లో అమెరికాలోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రి వైద్యులు చూపించారు. అన్ని బిళ్లలూ తీస్తే చెయ్యి వాచే ముప్పు పెరుగుతుంది. వరి నాట్లు వేసే చేతికి, వల లాగే చేతికి ఆ వాపు చిన్న విషయం కాదు.

విదేశీ గింజ ఖరీదు, దాన్ని వినే యంత్రం మరీ ఖరీదు. మామూలు లోహపు క్లిప్పు చవక. అల్ట్రాసౌండ్ చూస్తూ అదీ పెట్టవచ్చు. దానికి అయస్కాంతపు జవాబు లేదు కనుక ఆపరేషన్ రోజున మళ్లీ స్కానింగో వైరో కావాలి, అయినా గురుతు అంటూ ఉంటుంది. విశాఖలో 2018లో ప్రారంభమైన వైద్య పరికరాల పార్కు మెడ్‌టెక్ జోన్ అగనంపూడికి ఎంతో దూరం కాదు. ఉక్కు ముక్కా, దాన్ని వినే ప్రోబూ అక్కడ తయారు కాలేని వస్తువులు కావు. ఇక్కడి ఇంజనీర్లు, సర్జన్లు, ప్రభుత్వం కలిసి ఆ పని చేపట్టాలి, తర్వాత ప్రభుత్వ ఉచిత వైద్య పథకం కిందికి తేవాలి. అంతదాకా ఆగలేని పాఠకులకు ఒక్క మాట: మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్‌కు ముందు కీమో మొదలుపెడుతుంటే, గడ్డలో గురుతు పెట్టారా లేదా అని మొదటి మందు ఎక్కకముందే డాక్టరును అడగండి.