కుజగ్రహపు రాళ్లలో నీటి జాడలు



1911వ సంవత్సరము జూన్ 28వ తేదీన ఈజిప్టు దేశమునందలి నఖ్లా ప్రాంతమున ఆకాశమునుండి సుమారు 40 రాళ్లు పడినవి. అన్నియు కలిసి దాదాపు 10 కిలోగ్రాముల బరువు. ఒక రాయి తగిలి కుక్క చచ్చెనని యొక రైతు చెప్పెను గాని, దానికి వేఱు సాక్ష్యము దొరకలేదు. ఆ రాళ్లలో నణగియున్న సాక్ష్యము మాత్రము నేటికిని నిలిచియున్నది.

ఇట్టి చుట్టపు రాయి మన దేశమునను గలదు. 1865 ఆగష్టు 25వ తేదీన గయ మండలమునందలి షేర్‌ఘాటీ యొద్ద పడినది. వీని పుట్టినిల్లు చిరకాలము తెలియకుండెను. 1976లో వైకింగు నౌకలు కుజగ్రహముపై దిగి అచ్చటి గాలిని పరీక్షించినవి. అంటార్కిటికాలో దొరకిన షేర్‌ఘాటీ జాతి రాతిలో గాజు ముద్దలు కలవు. వానిలో చిక్కుకొన్న వాయువులు ఆ గాలితో సరిపోవుచున్నవని 1983లో బోగార్డు, జాన్సను అను శాస్త్రజ్ఞులు చూపిరి.

నఖ్లా రాయి సుమారు 130 కోట్ల సంవత్సరముల క్రిందట కరగిన శిల గడ్డకట్టగా నేర్పడినది. అగ్నిలో పుట్టిన ఆ రాతి నెఱ్ఱెలలో బంకమన్నును, ఇనుప తుప్పును, ఉప్పును కనబడుచున్నవి. నీరు సోకనిదే బంకమన్ను పుట్టదు. అయితే అది ఈజిప్టు తేమ యేల కారాదు?

ఈ శంక న్యాయమైనదే. రాయి మన వాయుమండలమున దూసికొని వచ్చునపుడు పైభాగము కరగి నల్లని పెంకు కట్టును. ఆ బంకమంటి చారలు పెంకువఱకు వచ్చి, అచ్చట వేడికి చెడి తెగిపోయినవి. కావున అవి పెంకుకంటె పాతవి. దస్తావేజుపై లక్కముద్ర పడిన పిమ్మట దానిక్రింద అక్షరము చేర్చుట యెవరి తరము?

అదే జాతికి చెందిన లఫాయెటు అను రాయిని 1931లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమున గుర్తించిరి. అందలి బంకమన్ను సుమారు 74 కోట్ల సంవత్సరముల నాటిదని 2024లో ప్రకటించిరి. నేలక్రింది మంచు అగ్నిపర్వతపు వేడికి కరగి రాతిని తడిపెనని వారి యూహ. ఆ నీరు కొలదిపాటిదే. మార్పు రాతి నంతటిని ముట్టలేదు.

ఇందువలన కుజునిపై ప్రాణులుండెనని తేలదు. నీరు సోకెనని మాత్రమే తేలును. సాక్షి చెప్పినదానికంటె నెక్కువ పలుకుట తీర్పరికి తగదు గదా!