కాలేయ మార్పిడి: కత్తి పట్టని చేతుల కథ

1963 మార్చి 1న అమెరికాలోని డెన్వర్ నగరంలో మూడేళ్ళ పిల్లవాడు ఆపరేషన్ బల్ల మీదే కన్నుమూశాడు. పుట్టుకతోనే పిత్తనాళాలు మూసుకుపోయిన బిడ్డ. కాలేయం చెడితే రక్తానికి గడ్డకట్టే గుణం కూడా పోతుంది. అందుకే లోపల ఎక్కడ కత్తి తగిలినా నెత్తురే. ఎంత కట్టినా ఆగలేదు. మనిషికి మరొకరి కాలేయం అమర్చడానికి జరిగిన తొలి ప్రయత్నం అది. చేసినవారు థామస్ స్టార్జల్. అప్పటికి ఆయనకు 37 ఏళ్ళు ఇంకా నిండలేదు.

ఈ చరిత్ర చెప్పేవాళ్ళందరూ ఆయన పేరుతోనే మొదలుపెడతారు, అది న్యాయమే. కానీ ఆయన ఒక్కడి దగ్గరే ఆపేస్తే కథ సగమే చెప్పినట్టు. కాలేయ మార్పిడి ఆగిపోయిన చోటల్లా దాన్ని మళ్ళీ కదిలించినవాళ్ళలో చాలామంది కత్తి పట్టనివాళ్ళు.

అంతకు ముందు కొన్నేళ్ళు ఈ పని కుక్కల మీద జరిగింది. 1955లో ఆల్బనీలో స్టువర్ట్ వెల్చ్ కుక్క పొట్టలో అదనంగా రెండో కాలేయం అమర్చి చూశారు. ఉన్నదాన్ని తీసేసి దాని చోటే కొత్తది పెట్టే పద్ధతిని 1950ల చివర్లో షికాగోలో స్టార్జల్, బోస్టన్‌లో ఫ్రాన్సిస్ మూర్ విడివిడిగా సాధన చేశారు. కుక్కల్లో నేర్చినది మనిషి దగ్గరికి వచ్చేసరికి చాలలేదు. డెన్వర్‌లో రెండో రోగి 22 రోజులు బతికాడు. మొదటి బిడ్డ నెత్తురు ఆగక పోయాడని ఈసారి గడ్డకట్టించే మందులిచ్చారు. ఆ గడ్డలే ఊపిరితిత్తులకు చేరి అతని ప్రాణం తీశాయి. 1964 జనవరి నాటికి డెన్వర్, బోస్టన్, పారిస్ నగరాల్లో మొత్తం ఏడుగురికి ఆపరేషన్ జరిగింది. 23 రోజులు దాటి బతికినవారు ఒక్కరూ లేరు. ఇక ఆపేద్దామని డాక్టర్లు తమంతట తామే నిర్ణయించుకున్నారు.

ఆ విరామం మూడేళ్ళకు పైగా సాగింది. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన కాలం అదే అనిపిస్తుంది. ఓడిపోయాక ఏం చేయాలో స్టార్జల్ బృందం చేసి చూపింది. డెన్వర్ నుంచి కణజాలం ముక్కలు సముద్రం దాటి లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రికి వెళ్ళేవి. అక్కడ పాథాలజిస్టు కెన్ పోర్టర్ వాటిని సూక్ష్మదర్శిని కింద చదివి, శరీరం పరాయి అవయవాన్ని ఎలా తిప్పికొడుతోందో చెప్పేవారు. లాస్ ఏంజిలిస్‌లో పాల్ తెరసాకి దాతకూ గ్రహీతకూ కణాల పోలిక చూసే పద్ధతిని తీర్చిదిద్దారు. ఇవాసాకి, డెన్వర్ సహచరులు గుర్రాల రక్తం నుంచి నిరోధక శక్తిని అణిచే మందు తయారుచేశారు. 1964లో కాలేయం మార్చిన ఒక ఊరకుక్కకు నాలుగు నెలలు మందులిచ్చి ఆపేస్తే, అది ఆ తరువాత కూడా హాయిగా బతికింది. దాదాపు 12 ఏళ్ళు! పరాయి కాలేయంతో శరీరం రాజీ పడగలదని ఆ మూగజీవి నిరూపించింది. 1967 జులైలో డెన్వర్‌లో క్యాన్సర్ వల్ల కొత్త కాలేయం అందుకున్న రెండేళ్ళు నిండని పాప ఏడాదికి పైగా బతికింది. ఆ పాప చివరికి పోయింది కూడా తిరిగి వచ్చిన క్యాన్సర్‌తోనే.

మరుసటేడు మే నెలలో కేంబ్రిడ్జ్‌లో రాయ్ కాల్న్ ఈ ఆపరేషన్‌కు సిద్ధపడితే సాటి డాక్టర్లు వద్దన్నారు. అదే సమయానికి అక్కడికి వచ్చిన ఫ్రాన్సిస్ మూర్‌ను కాల్న్ వాళ్ళ ముందుకు తీసుకెళ్ళారు. చేసి తీరాలన్న మూర్ మాటే నెగ్గింది. అంతటి పెద్దమనిషి తానే సహాయకుడిగా ఆపరేషన్‌లో చేయి వేశారు. డాక్టర్లు ఒకరికొకరు సాయపడిన ఇలాంటి ఘట్టాలు ఈ కథలో ఇంకా ఉన్నాయి.

అయినా 1970లు చేదుగానే గడిచాయి. 1980 వరకు డెన్వర్‌లో 170 మందికి కాలేయం మార్చితే, ఏడాది తిరిగేసరికి మిగిలింది మూడోవంతు మంది. ఆపరేషన్ గట్టెక్కినా మందులు చాలేవి కావు.

చాలిన మందు మట్టిలో దొరికింది. స్విట్జర్లాండ్‌లోని శాండోజ్ కంపెనీ ఉద్యోగులు సెలవులకు ఎక్కడికి వెళ్ళినా గుప్పెడు మన్ను తెచ్చేవారు. నార్వే పీఠభూమి నుంచి వచ్చిన మట్టిలోని బూజు సైక్లోస్పోరిన్ ఇచ్చింది. దాని గుణాన్ని కనిపెట్టిన ఘనత జాన్ బోరెల్‌దా, హార్ట్‌మన్ స్టాహెలిన్‌దా అన్న తగవు చాలా కాలం నడిచింది. అసలు మన్ను తెచ్చిన ఉద్యోగి పేరు ఎందరికి తెలుసు? కేంబ్రిడ్జ్‌లో ఆ పొడి నీళ్ళలో కరగక అందరూ తల పట్టుకుంటే, కాల్న్ దగ్గర పనిచేస్తున్న గ్రీకు యువకుడు అల్కిస్ కొస్తాకిస్ దాన్ని ఆలివ్ నూనెలో కలిపి ఎలుకలకు ఇచ్చాడు. ఇంగ్లండ్ తిండి కొడుక్కి పడదేమోనని తల్లి పంపిన నూనె అదని చెబుతారు. గుండె మార్చిన ఎలుకలు బతికాయి. 1978లో కాల్న్ ఆ మందును మనుషులకు వాడారు. 1980లో స్టార్జల్ దానికి స్టెరాయిడ్ జోడించారు. ఏడాది దాటేవారు మూడోవంతు నుంచి 70 శాతానికి పెరిగారు. 1983లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణుల సభ, ఇది ఇక ప్రయోగం కాదు, చికిత్సేనని తేల్చింది.

మరి 1963లో బిడ్డ ప్రాణం తీసిన నెత్తురు? స్టార్జల్ పిట్స్‌బర్గ్‌కు మారాక దానికి జవాబు చెప్పినవారిలో ముఖ్యుడు మత్తు డాక్టర్ యూగూ కాంగ్. రక్తం గడ్డకట్టే తీరును గీతగా గీసే యంత్రాన్ని ఆపరేషన్ గదిలోకే తెచ్చి, ఆ నిమిషానికి ఏది లోపిస్తే అదే ఎక్కించేవారు. 1980ల చివర్లో విస్కాన్సిన్‌లో ఫోల్కర్ట్ బెల్జర్, జేమ్స్ సదార్డ్ తయారుచేసిన ద్రావణం వల్ల, ఆరేడు గంటలు మాత్రమే నిలిచే కాలేయం చాలా ఎక్కువసేపు చెడకుండా ఉండసాగింది. దూరపు ఊళ్ళ నుంచి అవయవం తెచ్చుకునే వెసులుబాటు అప్పుడే వచ్చింది.

స్టార్జల్ ఆత్మకథ పేరు ‘ది పజిల్ పీపుల్’. ఇతరుల భాగాలు అతికి కొత్తగా తయారైన రోగులనే ఆయన ఆ పేరుతో పిలిచారు. ప్రతి ఆపరేషన్‌కు ముందూ తనను భయం పట్టేదని అందులో దాచుకోకుండా రాశారు. 2012లో ఆయనకూ కాల్న్‌కూ కలిపి లాస్కర్ పురస్కారం వచ్చింది. స్టార్జల్ 2017లో, కాల్న్ 2024లో మరణించారు.

బతికున్న మనిషి కాలేయంలో కొంత భాగం తీసి మరొకరికి పెట్టడం 1989లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో తొలిసారి ఫలించింది. రసెల్ స్ట్రాంగ్ చేసిన ఆ ఆపరేషన్‌లో దాత ఒక జపాన్ తల్లి, గ్రహీత ఆమె కొడుకు. మన దేశంలో 1994 నాటి అవయవ మార్పిడి చట్టం బ్రెయిన్‌డెడ్ స్థితిని మరణంగా గుర్తించింది. 1998 నవంబరులో ఢిల్లీ అపోలోలో రెండేళ్ళు కూడా నిండని తమిళ పిల్లవాడికి తండ్రి కాలేయంలో కొంత ఇచ్చాడు. దేశంలో ఫలించిన తొలి కాలేయ మార్పిడి అదే. ఆ పిల్లవాడు పెరిగి డాక్టరయ్యాడు.

మన తెలుగు నాట మరణించినవారి అవయవాల కోసం 2013 నుంచి ‘జీవన్‌దాన్’ పథకం నడుస్తోంది. ఐసీయూ బయట కుటుంబం కుప్పకూలి ఉన్న వేళ, వాళ్ళ పక్కన కూర్చుని అడగకూడని సమయంలో అడగవలసిన మాట అడిగే కోఆర్డినేటర్లు కూడా ఆ కత్తి పట్టనివాళ్ళ బృందంలోని వాళ్ళే. మనం అవయవదాత కార్డు తీసుకున్నా ఆ క్షణాన ఔననో కాదనో చెప్పేది ఇంట్లోవాళ్ళు. మీ ఇష్టమేదో వాళ్ళకు ఇప్పుడే చెప్పి ఉంచండి.