తుది సున్న వెనుక దాగిన ‘ము’

1986లో నేను తెలుగు పండితుడిగా కొత్తగా చేరిన బడిలో, ఆరవ తరగతి పిల్లవాడొకడు ‘పుస్తకంలు’ అని రాశాడు. ఎర్రసిరాతో కొట్టివేసి, ‘పుస్తకాలు’ అని వందసార్లు రాయించాను. వాడు రాసి తెచ్చి, “బల్లకు లు చేరిస్తే బల్లలు అయింది గదండీ, మరి పుస్తకాలులో సున్న ఏమైందండీ?” అని అడిగాడు. “అదంతే, కూర్చో” అన్నాను. జవాబు తెలియక కాదు. ఆరవ తరగతికి అది అక్కరలేదనుకున్నాను.

నిజానికి ఆ సున్నది చాలా పాత కథ. అమరావతి స్తూపపు రాతిపలక మీద వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించిన ‘నాగబు’ అన్న మాటలో తుది ‘బు’ ఉంది. తరువాత కావ్యభాషలో వనంబు, వనమ్ము, వనము అన్న మూడు రూపాలూ ఛందస్సు అవసరాన్నిబట్టి నడిచాయి. 1852 నాటి బ్రౌను నిఘంటువులో మనకు కనబడేది ‘పుస్తకము’. జనం నోట మాత్రం తుది ఉకారం జారిపోయి ‘పుస్తకం’ అయింది.

పరవస్తు చిన్నయసూరిగారు గ్రాంథికానికి కట్టుబడినవారే. అయినా ‘లు’ పరమైనప్పుడు ‘ము’ లోపించి, దాని ముందరి అచ్చు దీర్ఘం కావచ్చునని బాలవ్యాకరణంలో వికల్పంగా ఒప్పుకున్నారు. వజ్రములు, వజ్రాలు రెండూ సాధువులే. ఆ తరువాత గిడుగు రామమూర్తిగారు (1863–1940) శిష్టుల వాడుకభాషే బడిలోకి రావాలని పోరాడారు. ఆ పోరాటం ఫలించి మన వాచకాలలో ‘పుస్తకం’, ‘పుస్తకాలు’ నిలిచాయి. కాని రెంటినీ కలిపే ‘ము’ పిల్లల కంటికి కనబడకుండా పోయింది. గ్రాంథికం చదివిన మా తరానికి తెలిసిన ఆ లంకె, వాడుకభాషతోనే మొదలుపెట్టిన పిల్లవాడికి ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పవలసినవాణ్ణి నేనే.

వాడు బడి వదిలి వెళ్ళాక బుద్ధి వచ్చింది. అప్పటినుంచి ఏటా నల్లబల్ల మీద నాలుగు మాటలు వరసగా రాసేవాణ్ణి: పుస్తకం, పుస్తకము, పుస్తకములు, పుస్తకాలు. పక్కనే కళ్ళెం, కళ్ళెము, కళ్ళెములు, కళ్ళేలు. ముందరి అచ్చు ఏదైతే అదే సాగుతుందని పిల్లలే పట్టుకునేవారు. ‘పుస్తకానికి’ అన్న రూపం కూడా వారికి వింతగా తోచేది కాదు.

ఆ వరస మొదట అడిగినవాడికి మాత్రం చూపలేకపోయాను. వాడు చేసినది తప్పే. కాని ఆలోచించి చేసిన తప్పు. నేను దిద్దినది ఒప్పే. ఆలోచన లేకుండా దిద్దాను.