రాళ్లు మోసినవారి పేర్లు

యొర్దాను నుండి పండ్రెండు రాళ్లు ఎత్తించిన యెహోషువ, వాటి కథను పిల్లలకు చెప్పుడని కూడ ఆజ్ఞాపించెను. రాయి ఒక్కటే చాలదు.

మెదక్ దేవాలయము పని 1914లో ప్రారంభమై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగెను. గోపురము ఎత్తు 175 అడుగులు. కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారి పేరు అందరికిని తెలియును. కరవు దినములలో అన్నము కొరకు అక్కడ రాళ్లు మోసిన మన తాతముత్తాతల పేర్లు ఎందరికి తెలియును?

వారిని ఎరిగిన వృద్ధులు ఒక్కొక్కరే ప్రభువునందు నిద్రించుచున్నారు. పాత ఫోటోలు పెట్టెల అడుగున చెదలు పట్టుచున్నవి.

ప్రియులారా, వచ్చే ఆదివారము ఆరాధన ముగియగానే మీ సంఘములోని ఒక అవ్వ ప్రక్కన కూర్చుండుడి. ఆమె దాచిన ఫోటో వెనుక పెన్సిలుతో మెల్లగా పేరు, ఊరు, సంవత్సరము వ్రాయుడి. ఆమె కథను ఆమె మాటలలోనే వ్రాసికొనుడి. రేపు మన పిల్లలు అడుగుదురు.