అంతరిక్ష నివాసములయందు దిఙ్నిర్దేశ లిపి

లిపి భూమిపై పుట్టినది. శిలాశాసనమును చదువువానికిని, రైలు స్టేషనులో పేరు పలకను చూచువానికిని ఒక సమానధర్మము కలదు: ఇరువురి పాదములును నేలపై నిలిచియున్నవి. అక్షరమునకు తల యెటు, అడుగెటు అను ప్రశ్న వారికి పుట్టదు. మన వ్రాతలోని 'తలకట్టు' అను పేరే ఈ యూహను స్ఫురింపజేయును. అక్షరమునకును తల కలదు. అది మీదనే యుండును.

చంద్రునిపైని వ్రాతకు సైతము ఈ నియమము తప్పలేదు. 1969 జూలై 20న అపోలో 11 వ్యోమగాములు అచ్చట విడిచిన ఫలకము ఫ్యూచురా అను అక్షరములతో వ్రాయబడినది. పాల్ రెన్నర్ రూపకల్పనమున 1927లో జర్మనీయందు వెలువడిన ఈ అక్షరములు అలంకారము లేనివి, సరళరేఖలకును వృత్తములకును దగ్గరైనవి. చంద్రునిపై ఆకర్షణశక్తి భూమిపైని దానిలో సుమారు ఆరవ వంతు మాత్రమే యైనను, మనుష్యుని నిలువునకును అక్షరమునకును పొత్తు కుదుర్చుటకు అది చాలును.

భూమి చుట్టును తిరుగు నివాసములలో ఈ యాధారము లేదు. అచ్చట దేహమునకు భారము తెలియదు. ఒకని తల యున్న దిక్కున మరియొకని పాదము లుండవచ్చును. అట్టిచోట సూచికకు పేరు చెప్పుటకంటె ముందు 'పైన', 'క్రింద' అను వ్యవహారమును నెలకొల్పు పని గలదని ఈ నివాసముల చరిత్ర తెలుపుచున్నది. అందలి మూడు ఘట్టము లిచ్చట పరిశీలింపబడుచున్నవి.

మొదటిది స్కైలాబ్. 1973 మే 14న అమెరికా ప్రయోగించిన ఈ కేంద్రములో రెండు విధముల అమరిక యుండెను. కార్యశాల యను పెద్ద విభాగమున నేల, కప్పు ఇంటియందువలె ఏర్పడియుండెను. నౌకలు వచ్చి చేరు సంధాన విభాగమున మాత్రము ఉపకరణములను గోడ చుట్టును నలుదెసల బిగించిరి. ప్రతి ఉపకరణమునకును దాని నిలువు దానిదే. 1973-74లో అందు నివసించిన బృందములవారు కార్యశాలలోని అమరికనే మెచ్చిరి. భారము తొలగినను నేలను గూర్చిన భావము మనస్సునుండి తొలగలేదని దీనివలన తేలినది.

రెండవది సోవియట్ సంప్రదాయము. సోయూజ్, సల్యూత్, మీర్‌ల అంతర్భాగములను తీర్చిన వాస్తుశిల్పి గలీనా బలషోవా దిక్కును వర్ణముతో చెప్పెను. 1986 ఫిబ్రవరి 20న ప్రయోగింపబడిన మీర్ ప్రధాన విభాగములో పనిచేయు చోట నేల ముదురాకుపచ్చ, గోడలు లేతాకుపచ్చ, కప్పు తెలుపు. ఓరగంట చూచినను పైయెటో తెలియును; చదువ నక్కరలేదు. కాని 1989 మొదలు 1996 వరకు ఒక కూడలి చుట్టును నాలుగు క్రొత్త విభాగములు చేరెను. ఒకదాని నేల మరియొకదానికి గోడగా పరిణమించెను. వర్ణము ఒక గదిలోని పైక్రిందులను చెప్పగలదు. గదికిని గదికిని గల సంబంధమును చెప్పజాలదు.

ఈ సంబంధము ప్రాణముతో ముడిపడినది. 1997 ఫిబ్రవరి 23న మీర్‌లోని క్వాంత్ విభాగమున ప్రాణవాయువును పుట్టించు సాధనము మండి దట్టమైన పొగ వ్యాపించెను. అప్పు డందు ఆరుగురుండిరి. తప్పించుకొనుటకు రెండు నౌకలుండినను, ఒకదాని త్రోవకు మంటయే అడ్డమయ్యెను. మంట ఆరినది, అందరును బ్రతికిరి. పొగలో మిగిలిన ద్వార మెటున్నదో తెలియుట యెంతటి యవసరమో లోకమునకు విదితమైనది.

మూడవది 1998లో నిర్మాణమారంభమైన అంతర్జాతీయ కేంద్రము. ఇందు ఓడవారి పరిభాష స్వీకరింపబడినది: ముందు, వెనుక, ఎడమ ప్రక్క, కుడి ప్రక్క, వీనికి తోడు కప్పు, నేల. ఈ మాటల ఆంగ్ల రూపముల మొదటి యక్షరములే స్థలసంకేతములు. డెస్టినీ ప్రయోగశాలలో పరికరముల బీరువాలకు ఎడమకు 'పి', కుడికి 'ఎస్', కప్పునకు 'ఓ', నేలకు 'డి' అను గుర్తులు గలవు. 2008లో చేరిన కొలంబస్, కిబో విభాగములు కేంద్రమునకు అడ్డముగా నున్నవి. కావున అందు ప్రక్క గోడలకు 'పి', 'ఎస్'లు లేవు. ముందు, వెనుకలను తెలుపు 'ఎఫ్', 'ఎ' గలవు. అనగా ఇచ్చటి దిక్కు చూచువాని దేహమునకు గాక కేంద్రమున కంతటికిని చెందినది. మన పల్లెలయందు 'తూర్పు గట్టు', 'పడమటి చేను' అనుటయు నిట్టిదే; మనిషి తిరిగినను పేరు తిరుగదు.

అయినను అక్షరాకృతి చిక్కు మిగిలియున్నది. రోమక లిపిలో 'ఓ', 'ఎస్' అక్షరములు తలక్రిందైనను మారవు. 6, 9 అంకెలు ఒకదాని కొకటి యగును. కావుననే ఫలకములన్నియు ఆయా విభాగపు నిలువు ననుసరించి ఒకే తీరున వ్రాయవలెనను నియమ మేర్పడినది. ఒంటి యక్షరము చెప్పలేని దిక్కును వ్రాతల సామరస్యము చెప్పుచున్నది.

భారతదేశము 2035 నాటికి సొంత అంతరిక్ష కేంద్రమును నెలకొల్ప సంకల్పించినది. గుడులు పైనను, ఒత్తులు క్రిందను గల మన లిపులు తలక్రిందైనప్పుడు ఎంత త్వరగా గుర్తింపబడునో పరీక్షించుట లిపిశాస్త్ర పరిశోధకులకు తగిన పని. శబ్దమునకు అర్థము సంకేతమువలన సిద్ధించునని మన శాస్త్రకారులలో పలువు రంగీకరించిరి. భూమిని విడిచినచోట 'పైన' అను మాటకు సంకేతము తప్ప వేరాధారము లేదు.