ఎలుకల మందు నుంచి ఔషధం దాకా: వార్ఫరిన్ కథ

విద్యార్థులారా! వేలు తెగితే కాసేపటికి రక్తం గడ్డకట్టి, కారడం ఆగిపోతుంది. ప్రాణం నిలిపే ఈ ఏర్పాటే రక్తనాళం లోపల అనవసరంగా పనిచేస్తే గుండెపోటుకో, పక్షవాతానికో దారితీస్తుంది. దానిని అదుపు చేసే మందుల్లో ముఖ్యమైన వార్ఫరిన్ చరిత్ర పశువుల కొట్టంలో మొదలైందంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు.

1920లలో కెనడాలోనూ, అమెరికాలోని ఉత్తర డకోటాలోనూ పశువులు రక్తస్రావంతో చనిపోసాగాయి. కొమ్ములు కోసినా రక్తం ఆగేది కాదు. బూజు పట్టిన స్వీట్ క్లోవర్ ఎండుగడ్డి మేయడమే కారణమని పశువైద్యుడు ఫ్రాంక్ స్కోఫీల్డ్ గుర్తించాడు. అయితే ఆ గడ్డిలోని విషం ఏమిటో తెలియలేదు.

1933 ఫిబ్రవరిలో, మంచు తుఫానులో, ఒక రైతు చచ్చిన పెయ్యను, పాల క్యాను నిండా గడ్డకట్టని రక్తాన్ని, పాడైన గడ్డిని తీసుకుని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. అక్కడి జీవరసాయన శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్ బృందం ఆరేళ్ళు శ్రమించి, 1939లో ఆ పదార్థాన్ని వేరు చేసింది. అదే డైకుమరాల్. దాని ఆధారంగా తయారైన మరింత శక్తివంతమైన పదార్థమే వార్ఫరిన్. 1948లో అది ఎలుకల మందుగా బజారులోకి వచ్చింది.

1951లో ఒక అమెరికన్ సైనికుడు ఆత్మహత్య చేసుకోవాలని ఆ ఎలుకల మందు తిన్నాడు. వైద్యులు విటమిన్ కె ఇచ్చి అతనిని బతికించారు. విరుగుడు ఉందని తెలియడంతో వైద్యుల ధైర్యం పెరిగింది. 1954లో మనుషులకు వాడేందుకు అనుమతి లభించింది. 1955లో గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు కూడా దీనిని ఇచ్చారు.

ఇది ఎలా పనిచేస్తుంది? రక్తం గడ్డకట్టడానికి కావలసిన కొన్ని ప్రోటీన్లను కాలేయం విటమిన్ కె సాయంతో తయారు చేస్తుంది. వార్ఫరిన్ ఆ సాయాన్ని అడ్డుకుంటుంది. అప్పటికే రక్తంలో ఉన్న ప్రోటీన్లు తరగాలి గనుక పూర్తి ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది. అందుకే అవసరమైనప్పుడు మొదట, వెంటనే పనిచేసే హెపారిన్‌ను కూడా ఇస్తారు. హెపారిన్‌కు విరుగుడు ప్రోటమిన్. ఆస్పిరిన్ మార్గం వేరు: అది ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తుంది.

ఇక నర్సు బాధ్యత చూద్దాం. వార్ఫరిన్ తక్కువైతే గడ్డ కడుతుంది, ఎక్కువైతే రక్తస్రావం. ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష ఈ రెండింటి మధ్య దారి చూపుతుంది. చాలామంది రోగులకు అది 2, 3 మధ్య ఉండాలి. చిగుళ్ళ నుంచి రక్తం, నల్లని విరేచనం, ఎర్రని మూత్రం, కమిలిన మచ్చలు కనిపిస్తే వెంటనే వైద్యునికి తెలపాలి. విటమిన్ కె ఎక్కువగా ఉండే తోటకూర, పాలకూరలు మానక్కరలేదు. ఒక్కసారిగా పెంచకూడదు, తగ్గించకూడదు. నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దని రోగికి చెప్పాలి.

నేడు తరచుగా రక్తపరీక్ష అక్కరలేని కొత్త మందులు వచ్చినా, లోహపు గుండె కవాటం అమర్చినవారికి వార్ఫరినే ఆధారం. పశువులను చంపిన గుణమే రోగిని కాపాడుతోంది. తేడా మోతాదులో, కనిపెట్టి చూసే మనిషిలో ఉంది. రేపు ఆ మనిషి మీరే కావచ్చు.